ఆక్స్‌ఫర్డ్‌కి పెట్టమంటున్నారు మా మేడమ్. సీటు సంగతి తర్వాత, అక్కడ ఇమడగలనా?

1. అనకాపల్లి_బెల్లం | అక్టోబర్ 26, రాత్రి 11:20

రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకోండి.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తా. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్ నుంచి ఇంగ్లిష్ మీడియం (అంటే పుస్తకం ఇంగ్లిష్, పాఠం తెలుగు). ఇప్పుడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం. మార్కులకి లోటు లేదు. మొన్న ప్రాజెక్ట్ రివ్యూ అయ్యాక మా మేడమ్ "నువ్వు ఆక్స్‌ఫర్డ్‌కి పెట్టరాదూ" అన్నారు. మాటవరసకి అన్నారో, నిజంగానే అన్నారో! నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సైటు తెరిస్తే మొదట్లోనే తికమక. ఏ కాలేజీ కావాలి అని అడుగుతోంది. 39 ఉన్నాయట. యూనివర్సిటీకి పెడుతుంటే మళ్లీ ఈ కాలేజీ ఏంటి? మన అఫిలియేటెడ్ కాలేజీల్లాంటివా? తప్పు కాలేజీ పెడితే సీటు పోతుందా? రెండోది, రిఫరెన్సులు ముగ్గురివి కావాలట. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నదే నలుగురు.

మూడోది అడగడానికి సిగ్గుగా ఉంది, ఇక్కడ నా పేరు ఎవరికీ తెలీదు కాబట్టి అడిగేస్తున్నా. యూట్యూబ్‌లో చూశాను: నల్ల గౌన్లు, కొవ్వొత్తుల వెలుగులో భోజనాలు, ప్లేటుకి అటూ ఇటూ చెంచాల వరస. నేను ఇంతవరకు ఫోర్కుతో నూడుల్స్ తప్ప ఏమీ తినలేదు. ఇంగ్లిష్ రాయగలను, మాట్లాడాలంటే ముందు మనసులో వాక్యం కట్టుకోవాలి. కట్టుకునేలోపు అవతలివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు. ఇలాంటివాడు అక్కడ ఇమడగలడా? ధైర్యం చెప్పడానికి చెప్పొద్దు, ఉన్నది చెప్పండి.

2. ఈఎమ్ఐ_జీవి | అక్టోబర్ 26, రాత్రి 11:41

ముందు ఫీజు చూశావా తమ్ముడూ? ఫోర్కుల సంగతి విమానం ఎక్కాక చూసుకోవచ్చు.

3. ఐసిస్_ఒడ్డున | అక్టోబర్ 27, ఉదయం 4:05

తమ్ముడూ, నేను ఆక్స్‌ఫర్డ్‌లో డీఫిల్ మూడో సంవత్సరం. ఇక్కడ పీహెచ్‌డీని అట్లనే అంటారు. మాది కరీంనగర్.

అఫిలియేటెడ్ కాలేజీ అనుకోకు. మన దగ్గర కాలేజీ పాఠం చెప్తుంది, యూనివర్సిటీ పరీక్ష పెడుతుంది. ఇక్కడ నీలాంటి ఎమ్మెస్సీ, డీఫిల్ వాళ్లకి పాఠం, గైడు, కంప్యూటర్లు అన్నీ డిపార్ట్‌మెంట్‌వే. కాలేజీ అంటే నీ వాడకట్టు అనుకో. గది, భోజనం, చిన్న లైబ్రరీ, కష్టమొస్తే వినడానికి ఒక సలహాదారు, పొద్దున లేస్తే కనిపించే పది ముఖాలు. ఇంటర్ అయ్యి నేరుగా డిగ్రీకి వచ్చే పిల్లల కథ వేరు. వాళ్లని చేర్చుకునేదే కాలేజీ, ట్యుటోరియల్స్ (ఒకరిద్దరిని కూర్చోబెట్టి చెప్పే పాఠాలు) కూడా చాలావరకు దాని ద్వారానే.

కాబట్టి నీ సీటు తేల్చేది డిపార్ట్‌మెంటు. వాళ్లు తీసుకున్నాకే ఫైలు కాలేజీకి పోతుంది. నువ్వు కోరిన కాలేజీ కాదంటే ఇంకొకటి ఇస్తారు, సీటు పోదు. నేను ఏ కాలేజీ పేరూ రాయలేదు. ఎక్కడ పడేస్తే అక్కడికి పోయిన. ఇప్పుడు అదే ప్రపంచంలోకెల్లా మంచి కాలేజీ అని అందరితో కొట్లాడతా. ఇక్కడ ప్రతివాడూ అంతే.

అయినా ఎంచుకుంటా అంటే ఫొటోలు చూసి ఎంచుకోకు. నీ కోర్సుని ఆ కాలేజీ తీసుకుంటుందా, మొదటి ఏడాది గది గ్యారంటీ ఉందా, ఆ గదికి వంటగది ఉందా, డిపార్ట్‌మెంట్‌కి నడిచిపోయేంత దూరమేనా. ఈ నాలుగు చూడు. వంటగది గురించి మళ్లీ రాస్తా, అది పెద్ద కథ. వుల్ఫ్‌సన్, లినకర్, సెయింట్ ఆంటొనీస్ లాంటివి కేవలం పీజీ, పరిశోధన విద్యార్థుల కాలేజీలు. 1966లో పెట్టిన వుల్ఫ్‌సన్‌లో అయితే ప్రొఫెసర్లకి వేరుగా ఎత్తు మీద వేసే హై టేబుల్ కూడా ఉండదు. పక్కన ఎవరు కూర్చున్నారో తెలియకుండానే తింటాం. నీకు చెంచాల భయం ఉంటే అలాంటి చోటు హాయి.

ఇంకొక మాట. ఎమ్మెస్సీ అయినాక మళ్లీ ఎమ్మెస్సీ ఎందుకు? నీ ప్రాజెక్టులో దమ్ముంటే డీఫిల్‌కి కూడా పెట్టు. స్కాలర్‌షిప్ డబ్బులు ఎక్కువగా అటే పోతాయి. డిసెంబర్, జనవరి గడువుల్లో నీ కోర్సుది ఏదో చూసుకుని దాని లోపల పెడితే క్లారెండన్ స్కాలర్‌షిప్‌కి వేరే ఫారం లేకుండానే నీ పేరు చూస్తారు.

4. ఈఎమ్ఐ_జీవి | అక్టోబర్ 27, ఉదయం 8:15

అక్క చెప్పింది బాగుంది. నేను చేదు చెప్తా. చాలా మాస్టర్స్ కోర్సులకి ఫీజే 30 వేల పౌండ్ల పైమాట. దానిమీద గది, తిండి. వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి. మన పిల్లలు "పార్ట్‌టైమ్ చేసి కట్టేస్తా నాన్నా" అంటారు కదా, ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. టర్మ్ నడుస్తున్నప్పుడు ఉద్యోగం అంటే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండూ మొహం చిట్లిస్తాయి. పైగా చదువే వారానికి 40 గంటలు దాటుతుంది.

మా తమ్ముడు వేరే దేశానికి వెళ్లినప్పుడు రెండెకరాలు తాకట్టు పెట్టాం. ఆరేళ్లయింది, నేనింకా కడుతున్నా. అందుకే ఈ పేరు పెట్టుకున్నా. స్కాలర్‌షిప్ రాకపోతే వెళ్లకు. ఇది నా మాట.

5. పాతకాపు_విశాఖ | అక్టోబర్ 27, మధ్యాహ్నం 2:30

బాబూ, నేను రిటైరైన లెక్చరర్‌ని. నువ్వు స్టాటిస్టిక్స్ అన్నావు కాబట్టి ఆగలేక రాస్తున్నాను.

మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు గారు, అదే కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లారు. ఎందుకో తెలుసా? సూడాన్‌లో తవ్వి తీసిన పాత ఎముకల కొలతలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి, ఆ లెక్కలు చూడటానికి మనిషి కావాలన్నారు. పగలు ఎముకల లెక్క, ఆ తర్వాత స్టాటిస్టిక్స్‌లో మహా పేరున్న ఫిషర్ దగ్గర పరిశోధన. కింగ్స్ కాలేజీ సభ్యుడిగా 1948లో పీహెచ్‌డీ పట్టా. ఇప్పుడు నీ సిలబస్‌లో రావు పేరుతో ఉన్న సిద్ధాంతాలు ఎన్నో నువ్వే లెక్కపెట్టుకో.

అంతకుముందు కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్‌లో చదివొచ్చి ఆంధ్రా యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1936లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం ఆచార్య పదవి చేపట్టారు. తలపాగా తీయలేదు. విశాఖకీ అక్కడికీ దారి కొత్తగా వేయక్కర్లేదు, గడ్డి మొలిచింది అంతే.

6. తాటాకు_చప్పుడు | అక్టోబర్ 27, సాయంత్రం 6:02

మాస్టారూ, వందేళ్ల కిందటి జమీందార్ల, మేధావుల కథలు చెప్తే ఈ కుర్రాడికి ఫీజు ఎవరు కడతారు? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అంటే పేరున్న బ్రాండు. లోపల ఈటన్ లాంటి డబ్బున్నవాళ్ల స్కూళ్ల పిల్లలు ఒకరికొకరు ముందే తెలుసు. మనవాళ్లు వెళ్లి మూల గదిలో కూర్చుని ఏడాది గడిపి, టోపీ ఫొటో లింక్డ్ఇన్‌లో పెట్టి వచ్చేస్తారు. నేను ఐదుగురిని చూశా.

7. కీస్_అని_పలకాలి | అక్టోబర్ 28, ఉదయం 3:48

నేను ఇక్కడే ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో పుట్టాను, ఇంట్లో తెలుగే. అమ్మ కర్నూలు, నాన్న నంద్యాల. నా తెలుగు రాత కొంచెం వంకరగా ఉంటే నవ్వకండి. కేంబ్రిడ్జ్‌లో మ్యాథ్స్ మూడో సంవత్సరం.

తాటాకు గారు చెప్పింది సగం నిజం. మొదటి వారం హాల్లో కూర్చుంటే పక్కన నలుగురు ఒకే స్కూలు, ఒకే రగ్బీ టీమ్, ఒకే సెలవుల ఊరు. నేను ఇక్కడే పుట్టి కూడా వాళ్ల మాటల మధ్యలో దూరలేకపోయాను. అంటే బెల్లం అన్నా, అది మీ తెలుగు మీడియం వల్ల వచ్చేది కాదు. ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చిన నాకూ అదే భయం.

పలకడం కూడా ఒక పరీక్షే. కాలేజీ పేర్లే చూడండి, కయస్ అని రాసి కీస్ అంటారు. మాగ్డలెన్ అని రాసి మాడ్లిన్ అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో చెర్వెల్ నది చార్వెల్, థేమ్స్ నదికి ఆ ఊరు వచ్చేసరికి ఐసిస్ అని పేరు. తప్పు పలికితే ఎవరూ ఏమీ అనరు, ఒక క్షణం ఆగుతారు. ఆ ఆగడమే గుచ్చుకుంటుంది. రెండో వారానికి కొత్తగా వచ్చినవాళ్లకి మనమే నేర్పుతూ ఉంటాం.

8. కూకట్‌పల్లి_అమ్మ | అక్టోబర్ 28, ఉదయం 10:20

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మా బాబు ఇంటర్ ఫస్టియర్, జేఈఈ కోచింగ్‌లో ఉన్నాడు. డిగ్రీకే కేంబ్రిడ్జ్ పెడతానంటున్నాడు. వాడికి కూడా ఇదే పద్ధతా? ఏ కాలేజీకి పెడితే ఛాన్స్ ఎక్కువ? టెన్షన్‌గా ఉందండి, వాడి కోచింగ్ సార్లకి అడిగితే నవ్వారు.

9. కీస్_అని_పలకాలి | అక్టోబర్ 28, మధ్యాహ్నం 1:15

ఆంటీ, డిగ్రీకి అయితే యూకాస్ అనే ఒకే ఫారం. చేరే ముందు ఏడాది అక్టోబర్ 15 గడువు. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ పెట్టనివ్వరు, ఒకటే ఎంచుకోవాలి. చాలా సబ్జెక్టులకి ఎంట్రన్స్ ఉంటుంది. కేంబ్రిడ్జ్ ఇంజనీరింగ్‌కి ఈసాట్ రాయాలి. మ్యాథ్స్‌కి అయితే సీటు ఇచ్చాక జూన్‌లో స్టెప్ అనే పేపర్లు రాయాలి, అందులో అడిగిన గ్రేడు వస్తేనే సీటు ఖాయం. వడపోసిన వాళ్లకి డిసెంబర్‌లో ఇంటర్వ్యూ. ఇండియా నుంచి ఆన్‌లైన్‌లోనే. ముఖ్యంగా, మీ వాడు రాసే బోర్డు మార్కులు అక్కడ చెల్లుతాయో లేదో ఇవాళే ఆ యూనివర్సిటీ ఇండియా పేజీలో చూడండి. అది తేలకుండా మిగతావి అనవసరం.

కాలేజీని బట్టి ఛాన్స్ మారదు. ఒక కాలేజీకి మంచివాళ్లు ఎక్కువైపోతే మిగిలినవాళ్లని వేరే కాలేజీలు తీసుకునే ఏర్పాటు ఉంది. కేంబ్రిడ్జ్‌లో దాన్ని పూల్ అంటారు. మా అక్క అలాగే వచ్చింది. తను పెట్టిన కాలేజీ కాదంది, జనవరిలో పేరు కూడా వినని కాలేజీ రమ్మంది.

ఇంటర్వ్యూ గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను. నన్ను సైన్ ఆఫ్ వన్ బై ఎక్స్ గ్రాఫ్ గీయమన్నారు. నేను అలాంటిది ఎప్పుడూ గీయలేదు. పెన్ను పట్టుకుని అలా ఉండిపోయాను. లోపల మాత్రం "ఎక్స్ పెద్దదైతే వన్ బై ఎక్స్ సున్నాకి దగ్గరవుతుంది, కాబట్టి చివరికి గీత కిందికి వాలిపోవాలి" అనుకుంటున్నా, పైకి చెప్పడం లేదు. ఎందుకంటే పూర్తి జవాబు లేదు కదా. ఆయన మెల్లగా "ఇప్పుడు నీ బుర్రలో ఏముందో అదే చెప్పు, తప్పైనా సరే" అన్నారు. చెప్పాను. "సరే, మరి సున్నా దగ్గర?" అన్నారు. గీశాను, పైకీ కిందికీ, పైకీ కిందికీ, ఇంకా దగ్గర దగ్గరగా, చివరికి పెన్ను సిరా అంతా ఒకే మచ్చ అయిపోయింది. ఆయన నవ్వి "అవును, అక్కడ ఎవరూ గీయలేరు" అన్నారు. ఇరవై నిమిషాల్లో నేను పూర్తిగా రైటు చెప్పింది బహుశా ఒక్కటే. సీటు వచ్చింది.

మీ బాబుకి కోచింగ్‌లో నేర్పేది దీనికి తలకిందులు: తెలిస్తేనే చెయ్యెత్తు, రెండు నిమిషాల్లో ఆప్షన్ బి కొట్టు. లెక్కల్లో వాడు ఇక్కడి పిల్లలకంటే ముందే ఉంటాడు. పైకి ఆలోచించడమే అలవాటు చేయాలి. రోజూ ఒక లెక్క మీ ముందు గట్టిగా మాట్లాడుతూ చేయమనండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, అర్థం కాకపోతేనే మంచిది.

10. కూకట్‌పల్లి_అమ్మ | అక్టోబర్ 28, రాత్రి 9:50

నాన్నా, చల్లగా ఉండు. ఇవాళ వంటింట్లో నిలబెట్టి చెప్పించాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాడే మధ్యలో ఆగి "అయ్యో, ఇక్కడ తప్పు చేశా" అనుకున్నాడు.

11. అనకాపల్లి_బెల్లం | అక్టోబర్ 29, రాత్రి 10:30

అందరికీ దండాలు. కీస్ తమ్ముడూ, నీ గ్రాఫు నేనూ గీసి చూసుకున్నా.

రిఫరెన్స్ సంగతి ముడిపడింది. ఒక సార్‌ని అడిగితే "నువ్వే రాసుకురా, సంతకం పెట్టేస్తా" అన్నారు. ఇంకొకరు పోయినేడు ఎవరికో ఇచ్చిన లెటర్‌లో పేరు మార్చి ఇచ్చారు. అందులో నేను "షీ" అని ఉన్నాను.

12. ఐసిస్_ఒడ్డున | అక్టోబర్ 30, ఉదయం 5:12

నవ్వొద్దు అనుకుంటూనే నవ్విన.

సంతకం పద్ధతి ఇక్కడ లేదు. నువ్వు వాళ్ల ఈమెయిల్ ఇస్తావు, యూనివర్సిటీ నుంచి లింకు నేరుగా వాళ్లకి పోతుంది, వాళ్లే ఎక్కించాలి. కాలేజీ ఈమెయిల్ ఉన్న సార్ అయితే నయం. నువ్వే రాసి ఇవ్వడం తప్పు, పైగా మూడు లెటర్లు ఒకే మనిషి ఇంగ్లిష్‌లో ఉంటే చదివేవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

మరి ఏం చేయాలి? సార్ దగ్గరికి ఖాళీ చేతులతో పోకు. ఒక పేజీ తీసుకుపో. ఆయన దగ్గర ఏ పేపర్ చదివావు, ప్రాజెక్టులో ఎక్కడ ఇరుక్కున్నావు, ఎట్ల బయటపడ్డావు, ఆయన నిన్ను ఏ రోజు ఏమని మెచ్చుకున్నారు. ఇవి తెలుగులో చెప్పినా సరే. సార్లకి మన మీద ప్రేమ ఉంటుంది, ఏం రాయాలో గుర్తు ఉండదు, అంతే. "చురుకైన, కష్టపడే, వినయం గల విద్యార్థి" అన్న లెటరు ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. మీ మేడమ్‌తోనే మొదలుపెట్టు. ఆమె మాటవరసకి అనలేదు తమ్ముడూ. ప్రాజెక్ట్ రివ్యూ అయినాక మాటవరసకి ఎవరూ అట్ల అనరు.

ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) కూడా చూసుకో. కోర్సుని బట్టి మొత్తం 7 గానీ 7.5 గానీ అడుగుతారు, విడివిడిగా కూడా కనీస స్కోరు ఉంటుంది. మాట్లాడే భాగంలోనే మనం పోగొట్టుకుంటాం.

13. డర్హం_మెట్లు | అక్టోబర్ 30, సాయంత్రం 7:40

కాలేజీల పద్ధతి అంటే ఆ రెండే అనుకోకండి. ఇంగ్లండ్‌లోనే డర్హం యూనివర్సిటీ కూడా ఉంది, 1832లో పెట్టింది, 17 కాలేజీలు. ఒక కాలేజీ పిల్లలు నిజంగా కోటలోనే ఉంటారు. ఇక్కడ ఏ కాలేజీ పాఠం చెప్పదు, చదువంతా డిపార్ట్‌మెంట్లలోనే. కాలేజీ అంటే ఉండటం, తినడం, ఆడటం. బెండకాయలు కావాలంటే మాత్రం రైలెక్కి న్యూకాజిల్ వెళ్లాలి. పావుగంట.

14. పొన్నూరు_బస్సు | అక్టోబర్ 31, రాత్రి 12:08

ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను రాస్తా. ఆ రెండింటిలో ఒక చోట మాస్టర్స్ చేశాను. మాది ఎస్సీ కుటుంబం. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద వెళ్లా. (తెలంగాణ వాళ్లకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, 20 లక్షల దాకా. ఆదాయ పరిమితి చూసుకోండి, కాగితాలు ఆర్నెల్ల ముందే మొదలుపెట్టండి.)

ఇమడటం అంటే నాకు చెంచాలు గుర్తు రావు. మొదటి నెల రోజులు నా జీవితంలో అంత తేలిగ్గా ఎప్పుడూ లేను. కాలేజీలో నా ఇంటిపేరు ఎవరికీ ఏమీ చెప్పదు. నేను ఎవరో తెలియకుండానే నా పక్కన కూర్చుని, నా ప్లేటులో బంగాళాదుంప తీసుకుని తినేవాళ్లు. తర్వాత ఉగాదికి తెలుగువాళ్లం కలిశాం. పులిహోర, బూరెలు, అందరూ ఆప్యాయంగానే ఉన్నారు. ఒకావిడ పెరుగన్నం వడ్డిస్తూ చాలా ప్రేమగా అడిగారు: "మీరేమిట్లు బాబూ?"

ఐదు వేల మైళ్లు. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, పచ్చడి కూడా వేశారు. కానీ ఆ తర్వాత ఎవరో ఒకరు ఇంకొకరితో మాట్లాడుతుంటే నా గురించేనేమో అనిపించేది. నేను మళ్లీ వెళ్లలేదు. తప్పు నాదో వాళ్లదో తేల్చమని రాయట్లేదు. బెల్లం తమ్ముడు ఉన్నది చెప్పమన్నాడు, చెప్పా.

15. ఐసిస్_ఒడ్డున | అక్టోబర్ 31, ఉదయం 4:30

పొన్నూరు అన్నా, ఈ ఏడు ఉగాదికి మా వంటగదికి రండి. ఏడుగురమే ఉంటాం, ఎవరూ అడగరు. అడిగితే నేను చూసుకుంటా.

16. తాటాకు_చప్పుడు | అక్టోబర్ 31, ఉదయం 9:00

పొన్నూరు గారూ, నేను ఐదుగురిని చూశా అన్నాను. మూల గదిలో ఎందుకు కూర్చున్నారో వాళ్లని నేను అడగలేదు. అడగాల్సింది.

17. ఐసిస్_ఒడ్డున | నవంబర్ 2, రాత్రి 1:15

తమ్ముడూ, వంటగది కథ బాకీ ఉన్న కదా. ఆదివారం, పని లేదు, తీరిగ్గా రాస్తున్న.

వచ్చిన రోజు రాత్రి పదకొండు. గేటు దగ్గర "పోర్టర్స్ లాడ్జ్" అని బోర్డు. పోర్టర్ అంటే సామాను మోసేవాడు అనుకుని రెండు సూట్‌కేసులు పక్కన పెట్టి నిలబడ్డ. ఆయన తాళంచెవి ఇచ్చి, నా మొహం చూసి, నవ్వి, తనే ఒక పెట్టె ఎత్తుకున్నడు. పోర్టర్లంటే ఇక్కడ కాలేజీకి కాపలా, పోస్టాఫీసు, పెద్దదిక్కు అన్నీ వాళ్లే. అర్ధరాత్రి జ్వరమొస్తే ఫోన్ చేసేది వాళ్లకే. నీ మొదటి స్నేహితుడు లాడ్జ్‌లోనే ఉంటాడు, పేరు అడిగి గుర్తుపెట్టుకో.

గది ఊడ్చడానికి స్కౌట్ వస్తారు (కేంబ్రిడ్జ్‌లో బెడ్డర్ అంటారట). మా స్కౌట్ మా అమ్మ వయసు మనిషి. ఆమె నా చెత్తబుట్ట తీస్తుంటే కూర్చోబుద్ధి కాలేదు. మొదటి రెండు వారాలు ఆమె వచ్చేలోపు నేనే ఊడ్చి పెట్టేదాన్ని. మూడో వారం ఆమే అన్నది: "పిల్లా, నా పని నువ్వు చేసేస్తే నన్ను తీసేస్తారు." అప్పటినుంచి ఊడ్వడం మానేసి టీ ఇస్తున్న.

ఇక కుక్కర్. వచ్చిన నాలుగో రోజు పప్పు పెట్టిన. కిచెన్‌లో ఉన్న అలారం వేడికి మోగేది, కారిడార్‌లో ఉన్నది పొగకి మోగేది. నాకు తెలియదు. తలుపు తెరిచి పెట్టి ఎండుమిర్చి పోపు వేసిన. ఘాటు కారిడార్‌లోకి పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి మా మెట్లదారి మొత్తం, నలభై మంది, నైటుడ్రెస్సుల్లో గడ్డి మీద నిలబడ్డరు. ఒక ముసలి ప్రొఫెసర్ కూడా, చెప్పుల్లేకుండా. భూమి చీలితే పోదామనుకున్న. ఆయన దగ్గరికొచ్చి "ఏం వండుతున్నావు?" అన్నడు. పప్పు అన్న. "మరి అది మాడిపోతోందేమో" అన్నడు. మరుసటి వారం ఆ నలభై మందిలో ఆరుగురు పప్పు తినడానికి వచ్చిన్రు. నా స్నేహాలన్నీ ఆ అలారంతో మొదలైనవే. లెక్కల రామానుజన్ కూడా కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో ఉండగా తన గదిలో తనే వండుకున్నడు. ఆయన కాలంలో అలారాలు లేవు, అదృష్టవంతుడు.

ఫార్మల్ డిన్నర్‌కి ఒకటే సూత్రం: బయటి చెంచాతో మొదలుపెట్టి లోపలికి రావాలి. మర్చిపోతే ఎదుటి మనిషిని చూడు. ఎదుటి మనిషి నిన్ను చూస్తుంటడు. ముందు లాటిన్ ప్రార్థన ఉంటది. కొన్ని చోట్ల రెండే మాటలు, "బెనెడిక్టుస్ బెనెడికాట్", కూర్చోవడమే. వెజ్ ముందే రాయించుకో.

ఇవన్నీ పదిహేను రోజుల ముచ్చట. అసలు కష్టం వేరే. మొదటి టర్మ్ రీడింగ్ గ్రూపులో ఎనిమిది మందిమి. నేను ఐదు వారాలు నోరు తెరవలేదు. అందరూ "నాకు సరిగ్గా తెలీదు గానీ" అంటూ మొదలుపెట్టి, నిజంగానే తెలియకుండా, పది నిమిషాలు మాట్లాడతరు. నాకు తెలిసినా, తెలిసింది పూర్తిగా తెలిసేదాకా ఆగిన. మన బడిలో అరకొరగా చెప్తే దెబ్బలు పడేవి కదా. ఆరో వారం మా గైడ్ పిలిచి "నువ్వు రాసింది అందరికంటే బాగుంది, మరి ఎందుకు మాట్లాడవు?" అన్నరు. పూర్తిగా తెలియదు అన్న. "పూర్తిగా తెలిస్తే ఇక్కడికి ఎందుకు వస్తాం?" అన్నరు. ఆ రాత్రి గదికొచ్చి ఏడ్చిన. తర్వాతి వారం ఒక్క వాక్యం మాట్లాడిన. అది తప్పు వాక్యం. దానిమీద మిగతావాళ్లు అరగంట వాదించుకున్నరు.

టర్మ్ ఎనిమిది వారాలే. ఐదో వారానికి అందరూ కుంగిపోతరు, దానికి పేరు కూడా ఉంది, ఫిఫ్త్ వీక్ బ్లూస్. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి. అప్పుడు నీకొక్కడికే అట్లుంది అనుకోకు. పక్క గది తలుపు కొట్టు.

18. మోడరేటర్ | నవంబర్ 2, ఉదయం 9:00

కుక్కర్ కంపెనీల మీద మొదలైన ఇరవై రెండు వ్యాఖ్యలను వంటల విభాగానికి మార్చాం. దయచేసి విషయంలోకి రండి.

19. ఈఎమ్ఐ_జీవి | నవంబర్ 2, ఉదయం 9:20

నా వ్యాఖ్య కూడా తీసేశారు. అందులో ఫీజు లెక్క ఉంది సార్. సరే మళ్లీ రాస్తా: తమ్ముడూ, సీటు వచ్చాక డబ్బు చూపించమని ఆర్థిక హామీ పత్రం అడుగుతారు. వీసాకి అది వేరే. స్కాలర్‌షిప్ ఫలితం వచ్చేదాకా బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టొద్దు. నాన్న చేత అసలే పెట్టించొద్దు.

20. అనకాపల్లి_బెల్లం | జనవరి 9, రాత్రి 11:55

పెట్టేశాను. డీఫిల్‌కి ఒకటి, ఎమ్మెస్సీకి ఒకటి. కాలేజీ దగ్గర వుల్ఫ్‌సన్ అని రాసి, కొట్టేసి, ఏదైనా సరే అని వదిలేశా. ఇక్కడివి కూడా రెండు చోట్ల పెట్టా, ఈఎమ్ఐ అన్న తిట్టకుండా.

మేడమ్ లెటర్ ఆవిడే రాశారు. రెండు ఆదివారాలు పట్టిందట. షీ అని రాసిన సార్ కూడా మళ్లీ రాశారు, ఈసారి హీ అనే ఉందని నమ్ముతున్నా, ఎందుకంటే నాకు చూపించలేదు. రోజూ రాత్రి నాన్న ముందు కూర్చుని ప్రాజెక్టు ఇంగ్లిష్‌లో చెప్తున్నా. ఆయన ఒక చేత్తో బెల్లం పద్దులు రాసుకుంటూ వింటారు. మొన్న మధ్యలో ఆపి "ఇందాకటి మాట ఇప్పుడు మార్చావేంట్రా" అన్నారు. నిజంగానే మార్చాను. ఇంగ్లిష్ రాని మనిషికి అది ఎలా తెలిసిందో నాకింకా అర్థం కాలేదు.

ఫలితం మార్చిలోనట. అమ్మ మాత్రం అప్పుడే కుక్కర్ కొంటానంటోంది. అక్కా, మూడు లీటర్లదా, ఐదు లీటర్లదా?

21. ఐసిస్_ఒడ్డున | జనవరి 10, ఉదయం 4:02

మూడు. పోపు పెట్టేటప్పుడు తలుపు ముయ్యి.